నా మొదటి గ్రూప్ మూడో వారానికే గొడవల్లో పడింది, ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి

కొత్త_కౌన్సెలర్:

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. రెండేళ్లుగా ఒక్కొక్కరితో విడిగా కౌన్సెలింగ్ చేస్తున్నాను, అందులో నాకు ధైర్యం ఉంది. గ్రూప్ నడపడం మాత్రం ఇదే మొదటిసారి. పెళ్లి బంధం తెగిపోయి, దాని నుంచి తేరుకోలేకపోతున్న వాళ్ల కోసం పెట్టిన గ్రూప్ ఇది. ఎనిమిది మంది, పది వారాలు, వారానికోసారి గంటన్నర. మధ్యలో కొత్తవాళ్లను చేర్చుకోం అని ముందే చెప్పాను. ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను.

మొదటి రెండు వారాలు ఎంత బాగా జరిగాయంటే నేనే ఆశ్చర్యపోయాను. ఒకరి తర్వాత ఒకరు మర్యాదగా తమ కథ చెప్పుకున్నారు, నేను ఒక్కొక్కరి మాటకూ స్పందించాను, వెళ్లేటప్పుడు అందరూ థాంక్స్ చెప్పి వెళ్లారు. మూడో వారం అంతా తలకిందులైంది. ఒకాయన ఉన్నారు, మొదలుపెడితే ఇరవై నిమిషాలు ఆగరు, ఆపితే నొచ్చుకుంటారేమో అని నేనూ ఆపలేదు. ఆ రోజు ఒకావిడ ఉన్నట్టుండి "ప్రతివారం మీ ఇంటి సంగతులే వినాలా, మాకు కష్టాలు లేవా" అనేసింది. ఆయన మొహం పాలిపోయింది. ఇంకొకాయన ఆవిడ వైపు మాట్లాడారు. సర్దుదామని నేను నోరు తెరిచేలోపు మరొకరు నా వైపు తిరిగి "అసలు మీరిక్కడ ఏం చేస్తున్నారండీ? మేం చెప్పుకోవడం, మేం వెళ్లిపోవడం. మీరు ఏదైనా నేర్పిస్తారని వచ్చాను" అన్నారు. నాకు చెమటలు పట్టాయి. ఏం చెయ్యాలో తోచక టాపిక్ మార్చేసి, శ్వాస మీద ఒక ఎక్సర్‌సైజ్ చేయించి సెషన్ ముగించాను.

మర్నాడు, ఆ గొడవలో ఒక్క మాట కూడా మాట్లాడని ఒకాయన మెసేజ్ పెట్టారు. "ఇంట్లో చూసిన గొడవలు చాలు, ఇక్కడికి కూడా వచ్చి చూడలేను, ఇక రాను" అని. అది చదివిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. ఇంకో అమ్మాయి ఉంది, మూడు వారాల్లో కలిపి నాలుగు వాక్యాలు మాట్లాడిందేమో, తను కూడా మానేస్తుందని భయంగా ఉంది. దీనికి తోడు, ఇద్దరు మెంబర్లు బయట ఫోన్లో మాట్లాడుకుంటున్నారని, గ్రూప్‌లో మూడో మనిషి చెప్పిన విషయం వాళ్ల మాటల్లో వచ్చిందని తెలిసింది.

వారానికో టాపిక్ పెట్టి క్లాసులా నడపాలా? ఎక్కువ మాట్లాడే ఆయన్ని విడిగా పిలిచి చెప్పాలా? మానేసిన ఆయన్ని బతిమాలాలా, వదిలేయాలా? అసలు నేను గ్రూప్ నడపడానికి పనికొస్తానా అనేది ఇప్పుడు నా మొదటి డౌట్.

పన్నెండేళ్లుగా_గ్రూపుల్లో:

రెండు వారాలు అంత మర్యాదగా జరిగిన గ్రూప్‌లో మూడో వారం కూడా ఏమీ జరగకపోయుంటే నేను ఎక్కువ కంగారుపడేవాడిని. కొత్తవాళ్ల మధ్య కనిపించే ఆ మర్యాద నమ్మకం వల్ల వచ్చింది కాదు, జాగ్రత్త వల్ల వచ్చింది. బ్రూస్ టక్‌మన్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1965లో చిన్న గ్రూపుల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు కలిపి చదివి నాలుగు దశలు చెప్పాడు: కూడుకోవడం, ఘర్షణ పడడం, కట్టుబాట్లు కుదుర్చుకోవడం, ఆ తర్వాతే పనిలో పడడం. 1977లో మేరీ ఆన్ జెన్సెన్‌తో కలిసి విడిపోవడాన్ని ఐదో దశగా చేర్చాడు. మీరు చదివే ఉంటారు. చదివినప్పుడు ఘర్షణ అనేది పుస్తకంలో ఒక మాట, ఎదురుగా జరిగినప్పుడు మాత్రం మన చేతకానితనంలా అనిపిస్తుంది. ఏ గ్రూపూ ఈ మెట్లు వరసగా ఎక్కదు, ఎవరైనా మానేస్తే, ఎవరి నమ్మకమైనా దెబ్బతింటే మళ్లీ మొదటి మెట్టుకి దిగుతుంది. మీకు ఈ వారం అదే జరగబోతోంది, సిద్ధంగా ఉండండి.

మీ పోస్టులో నేను ఆగి మళ్లీ చదివిన వాక్యం మాత్రం వేరే. "ఒక్కొక్కరి మాటకూ స్పందించాను" అన్నారు. అంటే మీరు ఎనిమిది మందిని గుండ్రంగా కూర్చోబెట్టి ఒక్కొక్కరికీ విడి కౌన్సెలింగే చేశారు, మిగతా ఏడుగురు తమ వంతు కోసం చూస్తూ కూర్చున్నారు. బండిచక్రంలో ఆకుల్లాగా ప్రతి మాటా మీ దగ్గరికి వచ్చి మీ దగ్గర్నుంచే పోతోంది. విడి కౌన్సెలింగ్‌లో మీకున్న నైపుణ్యమే ఇక్కడ అడ్డు పడుతోంది. నా మొదటి మూడు గ్రూపుల్లో నేను చేసిందీ ఇదే, దీన్ని మానడానికే నాకు చాలా కాలం పట్టింది.

గ్రూప్‌లో మందు లీడర్ మాటలో ఉండదు, మెంబర్లు ఒకరికొకరు ఏమవుతారు అన్నదాంట్లో ఉంటుంది. ఇర్విన్ యాలమ్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు గ్రూప్‌లో మేలు చేసే అంశాలు పదకొండు చెప్పాడు. నాకొక్కడికే ఇలా జరగలేదు అని తెలియడం, నాకంటే ముందు తేరుకున్నవాళ్లని చూసి ఆశ పుట్టడం, ఇంకొకరికి సాయపడగలగడం, నా తీరు ఎదుటివాళ్లకి ఎలా కనిపిస్తోందో వాళ్ల నోటితోనే వినడం, అందరి మధ్యా దగ్గరితనం. ఇవన్నీ మెంబర్ల మధ్య పుట్టేవి. లీడర్ చెప్పే సమాచారం ఆ పదకొండులో ఒకటి మాత్రమే. కాబట్టి వారానికో టాపిక్ పెట్టే ఆలోచన ఇప్పుడు వద్దు. ఒత్తిడి తట్టుకోవడం ఎలా లాంటిది నేర్పడానికే పెట్టే గ్రూపులు వేరే ఉన్నాయి, అవి మంచివే, కానీ మీరు వీళ్లకి చెప్పింది అది కాదు.

మీరు చెయ్యాల్సిన పని కలపడం. ఒకావిడ "రాత్రి ఫోన్ మోగదని తెలిసి కూడా దాని వైపే చూస్తూ ఉంటాను" అందనుకోండి. మీ నోటి చివర మంచి జవాబు ఉంటుంది, దాన్ని మింగేసి "ఈ ఎదురుచూపు ఇంకెవరికైనా తెలుసా?" అని అందరి వైపూ చూడండి. ఎవరో ఒకరు తల ఊపుతారు. "మీరు తల ఊపారు, అది నాకు కాదు, ఆవిడకి చెప్పండి" అనండి. ఇలాంటివి సెషన్‌కి నాలుగు జరిగితే చాలు, నెల తిరిగేసరికి వాళ్లే మిమ్మల్ని చూడకుండా మాట్లాడుకుంటారు.

ఎక్కువ మాట్లాడే ఆయన సంగతి. ఆయన్ని ఆపకపోవడం దయ అనుకున్నారు, నిజానికి ఆయన్ని మీరు అందరి కోపానికి అప్పజెప్పారు. ఐదో నిమిషంలో మీరు మెత్తగా ఆపి ఉంటే, ఇరవయ్యో నిమిషంలో ఆవిడ గట్టిగా ఆపాల్సి వచ్చేది కాదు. "ఒక్క నిమిషం ఆపుతున్నాను, మీరు చెప్పేది ముఖ్యమనే ఆపుతున్నాను. ఇప్పటిదాకా చెప్పినదాంట్లో వీళ్లంతా ఏ ఒక్క సంగతి అర్థం చేసుకుంటే మీకు ఊరటగా ఉంటుంది?" అని అడగండి. చాలాసార్లు అక్కడ మనిషి ఆగి, కళ్లనీళ్లు పెట్టుకుని, ఒకే వాక్యం చెప్తాడు. ఆ ఒక్క వాక్యం చెప్పలేకే అంతసేపు మాట్లాడుతున్నాడు. ఇంకోటి, ఆయన మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఎందుకు ఊరుకున్నారో కూడా చూడండి. ఒకరు గంట తినేస్తుంటే మిగతావాళ్లు తమ గురించి చెప్పుకోవాల్సిన అవసరం తప్పుతుంది కదా.

"మీరేం చేస్తున్నారు" అని అడిగిన మనిషికి నేనైతే రుణపడి ఉంటాను. లీడర్ మీద కోపం లీడర్ ముందే చెప్పగలిగే గ్రూప్ బతికే గ్రూప్. విల్‌ఫ్రెడ్ బయాన్ అనే మానసిక వైద్యుడు, గ్రూప్ తన అసలు పని వదిలేసి ఎవరో ఒకరు మనల్ని కాపాడతారని ఎదురుచూసే స్థితి గురించి రాశాడు. ఆ కాపాడేవాడు మీరు కాదని తెలిసిన రోజు కోపం వస్తుంది. మీరు చేసిన ఒకే ఒక పొరపాటు అక్కడ టాపిక్ మార్చడం. శ్వాస ఎక్సర్‌సైజ్ వాళ్లకి అర్థమైన తీరు ఏమిటంటే, ఇక్కడ కోపం చూపించకూడదు, లీడర్‌కే భయమేస్తోంది అని. నాలుగో వారం మొదలవగానే మీరే ఎత్తండి: "పోయిన వారం ఇక్కడ కోపం వచ్చింది, నేను దాన్ని దాటేశాను. ఈ రోజు దాటను. ఆ తర్వాత ఇంటికెళ్లి ఎవరికి ఏమనిపించింది?" అని. ఎవరు ఏ మాట అన్నారన్న పంచాయితీలోకి వెళ్లకండి, ఇప్పుడు ఈ గదిలో ఒకరి పట్ల ఒకరికి ఏముందో అక్కడే ఉండండి.

ఒకప్పటి_మెంబర్:

నేను కౌన్సెలర్‌ని కాదు, ఇలాంటి గ్రూప్‌లో పన్నెండు వారాలు కూర్చున్నదాన్ని. మీరు రాసిన ఆ మాట్లాడని అమ్మాయి గురించి చెప్పాలని లాగిన్ అయ్యాను, ఎందుకంటే ఐదు వారాల దాకా ఆ అమ్మాయి నేనే.

మాట్లాడకపోతే ఏమీ అందడం లేదని అనుకోకండి. నేను ప్రతి మాటా వినేదాన్ని, ఇంటికెళ్లి రాత్రంతా అవే తలుచుకునేదాన్ని. రెండో వారం ఒకావిడ, తన భర్త వాడిన కప్పు ఇంకా పారేయలేకపోతున్నానని చెప్పింది. నా దగ్గర ఒక చొక్కా ఉండేది. అప్పటికి ఎనిమిది నెలలుగా నాకు పిచ్చి పట్టిందేమో అనుకుంటున్నాను, ఎవరికీ చెప్పలేదు. ఆ కప్పు సంగతి విన్న రోజు మొదటిసారి సరిగ్గా నిద్రపోయాను, కానీ గ్రూప్‌లో మాత్రం ఆ రోజు ఒక్క మాట కూడా అనలేదు. మా లీడర్‌కి ఆ రోజు నాలో ఏం జరిగిందో తెలిసే అవకాశమే లేదు.

నన్ను భయపెట్టింది ఒక్కటే, "మీరేం అనుకుంటున్నారు?" అని అందరి ముందూ నా పేరు పెట్టి అడగడం. ఒకసారి అడిగారు, నా నోరు ఎండిపోయింది, ఆ తర్వాతి వారం వెళ్లకూడదనుకున్నాను. తర్వాత మా లీడర్ పద్ధతి మార్చారు. సెషన్ మొదట్లో అందరూ ఒక్కొక్క మాటలో ఈ రోజు ఎలా ఉన్నారో చెప్పాలి, చివర్లో ఇంకొక మాట. అందరితో పాటే కాబట్టి నాకు భయం వెయ్యలేదు. నేను రోజూ "అలసట" అనేదాన్ని. ఐదో వారం "కోపం" అన్నాను. ఆవిడ ఏమీ అడగలేదు, కాస్త తల ఊపారంతే. పక్కనున్న ఒక పెద్దాయన "అమ్మయ్య, నాకొక్కడికే అనుకున్నానమ్మా" అన్నారు. అంతే, నేను మాట్లాడడం మొదలుపెట్టాను.

గొడవ గురించి కూడా ఒక మాట. మా గ్రూప్‌లోనూ జరిగింది. నాకు గొంతు పెరిగితే చాలు గుండె దడ, మా ఇంట్లో గొంతు పెరిగితే తర్వాత వస్తువులు పగిలేవి. ఇక్కడ ఇద్దరు గట్టిగా మాట్లాడుకున్నారు, ఏమీ పగల్లేదు, వారం తర్వాత ఇద్దరూ వచ్చి పక్కపక్కన కూర్చున్నారు. కోపం వచ్చాక కూడా మనుషులు మిగులుతారని నాకు తెలిసింది అక్కడే, ముప్ఫై నాలుగేళ్ల వయసులో. మీ దగ్గర మానేసిన ఆయన ఆ రెండో సగం చూడకుండానే వెళ్లిపోయారు. వీలైతే ఆయనకి ఆ సగం చూపించండి.

శిక్షణ_ఇస్తుంటాను:

పైన ఇద్దరూ చెప్పినదాంతో చాలావరకు ఏకీభవిస్తాను. నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది మాత్రం గొడవ కాదండి, ఫోన్ సంగతి, మానేసిన ఆయన సంగతి. దాని మీదే రాస్తాను.

విడి కౌన్సెలింగ్‌లో గోప్యత మీ చేతిలో ఉంటుంది. గ్రూప్‌లో అది ఎనిమిది మంది చేతుల్లో ఉంటుంది. కాబట్టి "ఇక్కడి మాట బయటికి పోదు" అని లీడర్ హామీ ఇవ్వకూడదు, ఇస్తే అది నిజం కాదు. "నా వైపు నుంచి పోదు, మీ అందరి దగ్గరా ఆ మాట తీసుకుంటున్నాను, కానీ నేను పూచీ ఇవ్వలేను" అని చేరకముందే చెప్పాలి. మీరు కూడా ఏ పరిస్థితుల్లో గోప్యత దాటాల్సి వస్తుందో, అంటే ఎవరైనా తమకు గానీ ఇతరులకు గానీ హాని చేసుకునే ప్రమాదం కనిపించినప్పుడు, పిల్లల మీద హింస బయటపడినప్పుడు, అదీ ముందే చెప్పాలి. చెప్పి సంతకాలు తీసుకుని ఉంటే మంచిది. చెప్పకపోయుంటే ఈ వారమే చెప్పండి, ఆలస్యమైందని ఒప్పుకుని మరీ చెప్పండి.

మెంబర్లు బయట కలుసుకోవడాన్ని కొందరు లీడర్లు పూర్తిగా వద్దంటారు. నా అనుభవంలో నిషేధిస్తే దాక్కుని మాట్లాడుకుంటారు. నేను పెట్టే నియమం ఒకటే: బయట కలిస్తే, ఆ సంగతి గ్రూప్‌లో చెప్పాలి. రహస్యంగా ఉన్న జత గ్రూప్‌ని లోపల్నుంచి తొలిచేస్తుంది, మిగతావాళ్లకి కారణం తెలియకుండానే నోళ్లు మూతపడతాయి. ఎవరి విషయం బయటికి పోయిందో ఆ మనిషికి ముందు విడిగా చెప్పి, గ్రూప్‌లో దాన్ని ఎలా ఎత్తితే తనకి ఇబ్బంది లేదో అడగండి. ఇది మాత్రం నేరుగా గ్రూప్‌లో పేల్చకండి.

మానేసిన ఆయనకి ఫోన్ చెయ్యండి. ఒకసారి, బతిమాలకుండా. "మీరు వెళ్లడం మీ హక్కు. మీరు చూసినదాన్ని నేను ఆ రోజు సరిగ్గా పట్టించుకోలేదు, అది నా వైపు లోటు. ఒక్కసారి వచ్చి, వెళ్తున్నానని వాళ్లతో చెప్పి వెళ్లగలరా?" అని అడగండి. రాకపోతే రాలేదు, అప్పుడు విడిగా ఎవరి దగ్గరికి వెళ్లొచ్చో చెప్పండి. బంధం తెగిన బాధతో వచ్చిన వాళ్ల మధ్య నుంచి ఒకరు చెప్పకుండా మాయమైతే మిగిలిన ఏడుగురికీ అది పాత గాయమే. ఆయన వెళ్లిన విషయం దాచకండి, ఆయన రాసిన మెసేజ్ మాత్రం చదివి వినిపించకండి.

ఇంకో ప్రశ్న: గ్రూప్ మొదలవకముందు ఒక్కొక్కరితో విడిగా కూర్చున్నారా? మీ పోస్టులో ఆ ప్రస్తావన లేదు. మంచి కుటుంబ నేపథ్యం, చెడ్డ నేపథ్యం తేల్చడానికి కాదు, ఈ మనిషికి ఇప్పుడు గ్రూప్ సరైన చోటేనా అని చూడడానికి అది కావాలి. ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్నవాళ్లు, భ్రమల్లో ఉన్నవాళ్లు, నిన్నో మొన్నో దెబ్బ తగిలి ఇంకా నిలదొక్కుకోని వాళ్లు ముందు విడిగా సాయం పొందాలి. గొంతు పెరిగితే తట్టుకోలేని మనిషి ఉన్నారని ఆ పరిచయంలోనే తెలిసి ఉండేది, అప్పుడు ఆ రోజు మీ కళ్లు ముందు ఆయన వైపే వెళ్లేవి.

పైన అన్నగారు ఎక్కువ మాట్లాడే ఆయన్ని గ్రూప్‌లో ఆపడం గురించే చెప్పారు, ఆ ఒక్కచోట విభేదిస్తాను. ఆయనతో సెషన్‌కి ముందు ఒక పది నిమిషాలు విడిగా కూడా మాట్లాడండి. మందలించడానికి కాదు. అందరి ముందూ ఆ మాట పడి వారమంతా దాన్ని మోస్తూ ఉంటారు, ఎలా ఉన్నారో అడగాలి, ఈ వారం దాని గురించి గ్రూప్‌లో మాట్లాడతామని చెప్పాలి. అక్కడే తీర్పు చెప్పేసి విషయం ముగించకుండా ఉంటే చాలు.

క్లాసులా నడపాలా అన్నారు కాబట్టి ఇది చెప్తున్నాను. 1905లో బోస్టన్‌లో జోసెఫ్ ప్రాట్ అనే డాక్టర్ క్షయ రోగుల కోసం క్లాసులే పెట్టాడు. శానటోరియంలో, అంటే క్షయ రోగుల్ని ఉంచి చూసే ఆస్పత్రిలో, ఉండే స్తోమత లేనివాళ్లు వారానికోసారి వచ్చేవారు, ఇంటి దగ్గర విశ్రాంతి, గాలి, తిండి ఎలా ఉండాలో ఆయన చెప్పేవాడు. పాఠం చెప్పడానికి పెట్టిన ఆ క్లాసులో, ఒకే జబ్బు ఉన్నవాళ్లు ఒకరినొకరు చూసుకుని ధైర్యం తెచ్చుకోవడం కూడా పని చేస్తోందని ఆయన గమనించాడు. గ్రూప్ చికిత్స చరిత్ర మొదలుపెట్టేటప్పుడు చాలామంది ఆయన పేరే చెప్తారు.

పనికొస్తానా అన్నదానికి నేను జవాబు చెప్పను, మీ సూపర్‌వైజర్‌తో కూర్చుని మాట్లాడండి, ఒక్కరే మోయకండి. వీలైతే వచ్చే గ్రూప్‌కి కో-లీడర్‌ని పెట్టుకోండి. ఒకరు మాట వింటుంటే ఇంకొకరు మొహాలు చూడొచ్చు.

కొత్త_కౌన్సెలర్:

ముగ్గురికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. విడి పరిచయం చేశానండి, కానీ ఫోన్లో పది నిమిషాలు, ఫారం నింపించడమే ఎక్కువ. ఒప్పుకుంటున్నాను.

నిన్న నాలుగో సెషన్ అయింది. పోయిన వారం దాటేశానని చెప్పి ఆగాను. ఎవరూ మాట్లాడలేదు. గోడ మీద గడియారం చూశాను, రెండు నిమిషాలు కూడా కాలేదు, నాకు అరగంటలా అనిపించింది. నోటిదాకా వచ్చిన మాటలు మింగాను. చివరికి ఆ ఎక్కువ మాట్లాడే ఆయనే "నేను మాట్లాడడం ఆపితే ఇంటికెళ్లాక మళ్లీ వారం దాకా మాట్లాడే మనిషి లేడు" అన్నారు. ఆయన మీద కోపపడిన ఆవిడ నా వైపు చూసింది. నేను ఏమీ అనకుండా చేత్తో ఆయన్నే చూపించాను. ఆవిడ ఆయనతో మాట్లాడింది, పది నిమిషాలు, నేను ఒక్క మాట కూడా కలపలేదు. ఫోన్ సంగతి ఇంకా ఎత్తలేదు, ఎవరి విషయం బయటికి పోయిందో ఆ మనిషి ఇంకో వారం టైమ్ అడిగారు. మాట్లాడని అమ్మాయి చివరి రౌండ్‌లో "పర్లేదు" అంది.

మానేసిన ఆయనకి ఫోన్ చేశాను. ఆలోచిస్తానన్నారు, రాలేదు. ఆయన కుర్చీ ఖాళీగా వేసి ఉంచాను, అందరూ దాన్నే చూశారు. వచ్చేవారం కుర్చీ తీసేయాలా, ఉంచాలా?

శిక్షణ_ఇస్తుంటాను:

ఆయన ఖచ్చితంగా రానని చెప్పేదాకా ఉంచండి. ఒక తేదీ అడగండి, ఈ వారంలోపు చెప్పమని. రానంటే, ఆ సెషన్‌లో కుర్చీ ఉండగానే వాళ్లకి చెప్పండి, ఆయనతో చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాటలేవైనా ఉంటే చెప్పనివ్వండి. ఆ తర్వాతి వారం ఏడుగురు మెంబర్లకీ మీకూ ఎనిమిది కుర్చీలు, దగ్గరగా జరిపి వేయండి.